వార్డ్‌రోబ్ చీకిపోతే డబ్బు ఎవరు కట్టాలి

మా చెల్లి వాళ్ళు ఈమధ్యే కుందలహళ్ళిలో అద్దెకున్న ఫ్లాట్ ఖాళీ చేశారు. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటారని మనందరికీ తెలిసిందే, దానికి వాళ్ళూ సిద్ధపడే ఉన్నారు. కానీ ఓనర్ దాని మీద ఇంకో నలభై వేలు పట్టుకున్నాడు, మాస్టర్ బెడ్‌రూమ్‌లో వార్డ్‌రోబ్ పాడైపోయిందని. "చెదలు పట్టించేశారు కదమ్మా, ముందే ఒక్క మాట చెప్పుంటే పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచేవాణ్ణి" అన్నాడట. ఆయనా తెలుగాయనే, తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం. చెల్లి ఫోన్లో ఒకటే బాధ, "చెదల్ని మేం పెంచామా అక్కా, ఇంట్లో కాపురం ఉండటం కూడా తప్పేనా" అని.

వెళ్ళి చూశాను. అవి చెదలు కావు, ఫంగస్. వార్డ్‌రోబ్ వెనక గోడకి అవతలి వైపు బాత్‌రూమ్, సరిగ్గా షవర్ ఉన్న చోటు. ఇది చెల్లి ఒక్కదాని గొడవైతే ఇంత రాయక్కర్లేదు. కానీ ఈ ఊళ్ళో నాకు తెలిసిన ప్రతి రెండో ఇంట్లో బాత్‌రూమ్ ద్వారబంధమో, సింక్ కింద కబోర్డో, గోడకి ఆనించిన బీరువా వెనక చెక్కో ఇలాగే పోతోంది, ప్రతిసారీ అందరూ అనే మాట ఒకటే, "చెక్క మంచిది కాదు", లేకపోతే "చెదలు". దాంతో చెక్క మార్చడానికి డబ్బు పెడతాం, మందు కొట్టించడానికి పెడతాం, చివరికి చెక్కే వద్దనుకుని ప్లాస్టిక్ తలుపుకి పెడతాం. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో వెతకడానికి మాత్రం ఎవరూ రూపాయి పెట్టరు. నేననేది ఏంటంటే ఇంట్లో చెక్క కుళ్ళిందంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి, ఆ నీళ్ళు ఎవరి పైపులోంచి వస్తున్నాయో చెక్క డబ్బులు కూడా వాళ్ళే కట్టాలి.

టార్చ్ వేసి చూస్తే

కింది సొరుగు బయటికి లాగి, లోపలికి టార్చ్ వేసి చూశాను. ముందు నుంచి చూస్తే లామినేట్ నిగనిగలాడుతోంది, అడుగున కొంచెం ఉబ్బింది అంతే. వెనక ప్లై మాత్రం ముదురు గోధుమ రంగుకి తిరిగిపోయి అడ్డంగా, నిలువుగా పగుళ్ళిచ్చి చిన్న చిన్న చతురస్రాల్లా విడిపోయి ఉంది. స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే చప్పుడే లేకుండా దిగిపోయింది. ఒక ముక్క విరిచి వేళ్ళ మధ్య నలిపితే ఫిల్టర్ కాఫీ పొడిలా రాలింది. ప్లైకీ గోడకీ మధ్య తెల్లటి దారాలు ఒక చోట మొదలై పైకి విచ్చుకుంటూ పాకాయి, ప్లాస్టర్ మీద కూడా. వాసన చూస్తే పచ్చి పుట్టగొడుగుల వాసన.

చెదలైతే మట్టి ఉండాలి. చెద పురుగు వెలుతురులోకి రాదు, గోడ మీద మట్టితో గొట్టం కట్టుకుంటూ వస్తుంది, చెక్క లోపల తిన్న చోట కూడా మట్టి నింపుతుంది, మెత్తటి పొరలు తినేసి గట్టి పొరలు వదిలేస్తుంది కాబట్టి చెక్క పొడుగునా సొరంగాలు కనిపిస్తాయి. ఇక్కడ మట్టి రేణువు లేదు, సొరంగం లేదు. ఈ తేడా చూడటానికి ఇంజనీర్ అక్కర్లేదు, ఒక టార్చ్, ఒక స్క్రూడ్రైవర్, ఐదు నిమిషాలు చాలు. పెస్ట్ కంట్రోల్‌కి వచ్చే కుర్రాళ్ళకి ఈ తేడా తెలియదని నేననుకోను, కానీ "ఇది మా పని కాదు సార్, ప్లంబర్‌ని పిలవండి" అంటే వాళ్ళకి ఆ రోజు కూలి రాదు.

ఇంకొకటి కూడా కనిపించింది. ఆ గోడ కింద స్కర్టింగ్ పొడుగునా జానెడు జానెడు దూరంలో డ్రిల్ చేసిన బొక్కలు, వైట్ సిమెంట్‌తో పూడ్చి ఉన్నాయి, వాటి మీద పెయింట్ వేసి ఉంది. మా చెల్లి వాళ్ళు దిగాక ఆ గోడకి పెయింట్ పడలేదు. అంటే వీళ్ళ కంటే ముందున్నవాళ్ళ కాలంలోనే ఇదే చోట ఇదే గొడవ వచ్చింది, చెదల మందు ఎక్కించారు, పైన రంగు వేసి వీళ్ళకి అద్దెకిచ్చారు. నీళ్ళు మాత్రం అలాగే కారుతున్నాయి. ఆ ఫోటోలన్నీ పంపించాక ఓనర్ సగం డబ్బు వెనక్కిచ్చాడు, మిగతాది పై ఫ్లాట్ వాళ్ళు ఇవ్వాలి గానీ నేను కాదు అంటున్నాడు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది, దాని సంగతి కింద రాస్తాను.

ఎంత తడి ఉంటే కుళ్ళుతుంది

చెక్కని తినే ఫంగస్ విత్తనాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, నేనిది టైప్ చేస్తున్న గదిలోనూ ఉన్నాయి, మీరు చదువుతున్న చోటా ఉన్నాయి. వాటిని రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం అవి ఏమీ చేయలేవు. 25, 30 శాతం దాటి కొంతకాలం అలాగే ఉంటే అప్పుడు పని మొదలవుతుంది. ఇంట్లో మామూలుగా ఉండే పొడి ఫర్నిచర్‌లో ఉండే తేమ 10, 12 శాతం అటూ ఇటూ. వానాకాలంలో గాలి ఎంత తేమగా ఉన్నా ఆ గాలి ఒక్కదానివల్ల చెక్క కుళ్ళే దాకా తడవడం చాలా అరుదు. బట్టల మీద, బెల్టుల మీద, బూట్ల మీద తెల్లటి బూజు వస్తుంది చూడండి, దానికి గాలిలో చెమ్మ చాలు, అది పైపైన పట్టి తుడిస్తే పోతుంది, చెక్క బలాన్ని ఏమీ చేయదు. కుళ్ళు రావాలంటే నీళ్ళు తగలాలి. పైపు కారడం, టైల్ సందుల్లోంచి దిగడం, గోడ నెమ్మెక్కడం, ఏదో ఒకటి ఉండి తీరాలి.

అందులోనూ రకాలున్నాయి. కొన్ని చెక్కలో సెల్యులోజ్ తినేసి లిగ్నిన్ అనే గోధుమ రంగు పదార్థాన్ని వదిలేస్తాయి, చెల్లి వాళ్ళ ప్లై చతురస్రాలుగా పగలడం అందుకే. కొన్ని లిగ్నిన్ కూడా తినేస్తాయి, అప్పుడు చెక్క తెల్లబడి పీచు పీచుగా ఊడొస్తుంది. నన్ను భయపెట్టేది మొదటి రకం, ఎందుకంటే చెక్క బరువులో పదో వంతు కూడా తగ్గకముందే దెబ్బకి తట్టుకునే బలం సగానికి పైగా పోతుంది. కంటికి ఇంకా బాగానే కనిపిస్తుంటుంది.

దీని గురించి నెట్‌లో వెతికితే మొట్టమొదట వచ్చేది డ్రై రాట్, అంటే సెర్పులా లాక్రిమాన్స్ అనే ఫంగస్. ఇంగ్లండ్‌లో, డెన్మార్క్‌లో పాత ఇళ్ళవాళ్ళకి దాని పేరు చెబితేనే గుండె ఆగుతుంది. కన్నీటి బొట్ల లాంటి నీటి చుక్కలు పైకి వదులుతూ పెరుగుతుంది, తాళ్ళ లాంటి తీగలు అల్లుకుని ఇటుక గోడల్లోంచి దూరి తడి ఉన్న చోటు నుంచి తడి లేని చోటికి నీళ్ళు మోసుకుపోతుంది, ప్లాస్టర్‌లోంచి కాల్షియం కూడా లాక్కుంటుంది. అడవిలో అది దొరికే కొద్ది చోట్లలో మన హిమాలయాలు ఒకటి, అక్కడ పడిపోయిన ఫర్, స్ప్రూస్ మొద్దుల మీద కనిపించింది. చలి దేశపు జీవి, 20, 22 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, 28 దాటితే ఆగిపోతుంది. చెన్నై ఎండల్లో దాని ఆటలు సాగవు, మన ఫ్లాట్లలో తలుపుల్ని తినేవి వేడిని ఓర్చుకునే వేరే రకాలు. అందుకే యూట్యూబ్‌లో ఇంగ్లీషువాళ్ళ వీడియోలు చూసి భయపడిపోయి గోడలు పగలగొట్టించకండి, గోడ మొత్తానికి మందు పట్టించడం, కుళ్ళు కనిపించిన చోటు నుంచి మీటరు దూరం దాకా కోసి పారేయడం లాంటివన్నీ ఆ ఒక్క ఫంగస్ కోసం పుట్టిన పద్ధతులు. అంత మొండి ఫంగస్‌కి కూడా మొదట ఎక్కడో ఒక చోట నీళ్ళు దొరకాలి, ఆ దారి మూసేసి గోడ ఆరబెడితే అది నిద్రలోకి జారుకుంటుంది. బ్రిటన్‌లోనే ఇప్పుడు చాలామంది మందు కంటే ముందు ఆరబెట్టడం గురించి మాట్లాడుతున్నారు.

నడింట్లో వాన పడే ఇల్లు

మా అమ్మమ్మగారిది కోనసీమలో మండువా లోగిలి. పైకప్పు నాలుగు వైపుల నుంచీ ఇంటి మధ్యలోకే వాలి ఉంటుంది, వానొస్తే నీళ్ళన్నీ నడింట్లోకే దూకుతాయి, తూములోంచి బయటికి పోతాయి. బెంగళూరు కంటే అక్కడ వాన ఎక్కువ, తుఫాన్లు వేరే. చుట్టూ స్తంభాలు, దూలాలు, వాసాలు అన్నీ చెక్కే. లెక్క ప్రకారం ఆ ఇల్లు ఎప్పుడో కుళ్ళి కూలిపోవాలి, కానీ మా అమ్మమ్మ అత్తగారి కాలం నాటి దూలాలు ఇవాళ్టికీ చేత్తో కొడితే ఖంగుమంటాయి.

ఎందుకంటే ప్రతి స్తంభం కింద రాతి దిమ్మ ఉంది, చెక్క నేలని తాకదు. చూరు మూరెడు పైనే బయటికి ఉంటుంది, జల్లు స్తంభం మీద పడదు, ఒకవేళ పడినా రెండు వైపులా గాలి తగిలి సాయంత్రానికి ఆరిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా చెక్కంతా కళ్ళముందు ఉంటుంది. పెంకు ఒకటి పగిలితే దాని కింద వాసం మీద నల్లటి మరక పడుతుంది, పడుకుని పైకి చూసినవాళ్ళకి ఎవరికైనా కనిపిస్తుంది. ఏటా తొలకరికి ముందు మావయ్య మనుషుల్ని పెట్టి పెంకులు సర్దించేవాడు, నిచ్చెన వేసుకుని పైకెక్కి వాసాల కొసలు కూడా గుచ్చి చూసేవాళ్ళు. మొత్తం ఇంట్లో చీకిపోయింది ఒకే ఒక్క దూలం కొస, అది కూడా ఎక్కడో తెలుసా, వెనక వసారా మూసేసి అటాచ్డ్ బాత్‌రూమ్ కట్టించి, దూలం చివర చుట్టూ సిమెంట్ మెత్తించిన చోట.

మంచి కలప కదా అందుకే అంటారు. ఒప్పుకుంటాను, చేవ ఉన్న టేకుకి సాటి లేదు, దానిలో సహజంగానే ఫంగస్‌కి గిట్టని పదార్థాలుంటాయి. 1817లో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబం వాళ్ళు మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్ రేవులో తేలుతూనే ఉంది. అదే కాలంలో, 1810లో, అక్కడివాళ్ళు నీళ్ళలోకి దింపిన క్వీన్ షార్లెట్ అనే యుద్ధనౌక అయితే సరిగ్గా కొలువులోకి రాకముందే కుళ్ళిపోయి మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది, యుద్ధం తొందరలో పచ్చి కలపతో, గాలాడకుండా కట్టారు. కలపలో తేడా ఉన్న మాట నిజమే, కానీ ఆరని కలపని గాలి తగలకుండా మూసేస్తే ఏమవుతుందో కూడా ఆ క్వీన్ షార్లెట్ కథలోనే ఉంది. అంతెందుకు, అమ్మమ్మగారింట్లో చీకిపోయిన ఆ దూలం కొస కూడా టేకే.

ఇదే మాట బసవనగుడి, మల్లేశ్వరం వైపు పాత ఇళ్ళ గురించి కూడా చెప్పాలి. మద్రాస్ టెర్రస్ ఇళ్ళు, అంటే చెక్క దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో కట్టిన మిద్దెలు. వాటిలో కుళ్ళు మొదలయ్యేది దూలం గోడలోకి దిగే కొస దగ్గర, పైన వాన గొట్టం పూడుకుపోతే ఆ గోడే మొదట తడుస్తుంది. సున్నపు గోడ తడిని బయటికి వదిలేది, దాని మీద ఇప్పుడు సిమెంట్ పూత, ఆ పైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసి ఆ దారి కూడా మూసేస్తున్నారు. తర్వాత దూలం కొస చీకిందని చూపించి ఇల్లే కూల్చేస్తున్నారు. పాడైన కొస వరకే కోసి కొత్త చెక్క అతికే పని తెలిసిన వడ్రంగులు ఇంకా ఉన్నారు, వెతికితే దొరుకుతారు, కూల్చడం కంటే చాలా తక్కువలో అయిపోతుంది. స్థలం రేటు చూసి కూల్చాలనుకున్నవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, కానీ నేరం మాత్రం చెక్క మీద వేయకండి.

అయితే మందు అక్కర్లేదా

ఇక్కడ నా వాదనకి ఒక గట్టి దెబ్బ ఉంది, దాన్ని దాటేసి వెళ్ళలేను. న్యూజిలాండ్‌లో ఇళ్ళకి పైన్ చెక్కతో ఫ్రేములు కడతారు, చాలాకాలం ఆ చెక్కకి బోరాన్ మందు పట్టించేవారు. 1990ల మధ్యలో, బాగా ఆరబెట్టిన చెక్కైతే మందు అక్కర్లేదని రూల్ సడలించారు. పొడి చెక్క కుళ్ళదు కదా, సిద్ధాంతం ప్రకారం తప్పేం లేదు, అచ్చం నేను ఇప్పటిదాకా చెబుతున్న మాటే. సరిగ్గా అదే సమయంలో చూరు లేకుండా, నున్నటి గోడలతో ఇళ్ళు కట్టే ఫ్యాషన్ వచ్చింది. గోడల్లోకి వాన దిగింది, లోపల ఆరే దారి లేదు, మందు లేని చెక్క కుళ్ళిపోయింది. 2009లో వేసిన అంచనా ప్రకారం అలా దెబ్బతిన్న ఇళ్ళు 42 వేల దాకా ఉన్నాయి. 2004 నాటికి మళ్ళీ మందు పట్టించిన చెక్కకే వచ్చేశారు.

నీళ్ళు రాకుండా కడతాం అనే మాట మీద మాత్రమే ఆధారపడకూడదని దాన్నుంచి నేను తీసుకున్నది. ఎంత బాగా కట్టినా ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది, మందు మనకి కొంత టైమ్ ఇస్తుంది, ఆ టైమ్‌లో మనం చూసుకుని బాగుచేసుకోవాలి. మందు ఉంది కదా అని పదేళ్ళు కారనిస్తే ఏ మందూ ఆదుకోదు.

ఈ మందుల కథలో మనవాళ్ళ పేరొకటి ఉందని చాలామందికి తెలియదు. ప్రపంచమంతా దశాబ్దాల తరబడి చెక్క స్తంభాలకి, దూలాలకి పట్టించిన సీసీఏ, అంటే రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు, దాన్ని 1933లో కనిపెట్టింది డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన సొంఠి కామేశం గారు. ఇంటిపేరు చూస్తేనే తెలుగు పేరని తెలుస్తుంది. రాగి ఫంగస్‌ని చంపుతుంది, ఆర్సెనిక్ పురుగుల్ని, రాగికి లొంగని ఫంగస్‌ని చూసుకుంటుంది, క్రోమియం ఆ రెండూ వానకి కొట్టుకుపోకుండా చెక్కకి అతుక్కునేలా చేస్తుంది. చాలా తెలివైన కూర్పు. ఆర్సెనిక్ భయం వల్ల అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ళ వాడకంలోంచి తీసేశారు, అది సబబే, పిల్లలు ముట్టుకునే చోట అది ఉండకూడదు. మన ఇళ్ళకి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన మందు సరిపోతుంది, కాకపోతే నీళ్ళు తగిలితే అది కరిగి బయటికొచ్చేస్తుంది. చూశారా, మళ్ళీ నీళ్ళ దగ్గరికే వచ్చాం.

"710 వేయించేద్దాం మేడమ్"

చెల్లి వాళ్ళ ఓనర్ పిలిపించిన కార్పెంటర్ రాజస్థాన్ కుర్రాడు, పనిలో మంచి చెయ్యి. చూసి ఒకటే మాట, "పాతది కమర్షియల్ ప్లై మేడమ్, 710 వేయించేద్దాం, వాటర్‌ప్రూఫ్, ఇక చూసుకోనక్కర్లేదు." ఈ 710 మాట ఇప్పుడు బెంగళూరులో ఇల్లు చేయించుకునే ప్రతివాళ్ళ నోటా వినిపిస్తుంది, మనవాళ్ళలో మరీ ఎక్కువ.

710 అంటే ఐఎస్ 710 అనే స్టాండర్డ్ ప్రకారం చేసే మెరైన్ ప్లై. మంచి ప్లై, కాదనను. కానీ అందులో వాటర్‌ప్రూఫ్ అయింది జిగురు. 72 గంటలు నీళ్ళలో ఉడకబెట్టినా పొరలు విడిపోవు, పరీక్ష దాని గురించి. పొరల్లో ఉన్నది మాత్రం మామూలు చెక్కే, ఆ స్టాండర్డ్ ప్రకారం దానికి మందు పట్టించాలి, ఆ మాట ఎంతమంది పాటిస్తున్నారో షాపులో షీట్ చూసి మనం చెప్పలేం. పైగా షీట్ కోసినప్పుడల్లా కొత్త అంచు బయటపడుతుంది. ముందు వైపు అంచుకి అందంగా బ్యాండ్ అతికిస్తారు, గోడ వైపు అంచు, నేలకి ఆనే అంచు పచ్చిగానే వదిలేస్తారు, ఎవరికీ కనిపించదు కదా. నీళ్ళు తాగేది అక్కడే. బాత్‌రూమ్ ద్వారబంధం కూడా అంతే, కోసిన అడుగు కొస టైల్స్‌లో పాతి ఉంటుంది, చెక్క నిలువు పక్క కంటే కోసిన కొస నుంచి ఎన్నో రెట్లు ఎక్కువగా నీళ్ళు పీలుస్తుంది, అందుకే ప్రతి ఇంట్లోనూ తలుపు ఫ్రేము కింద నుంచే పోతుంది, పై నుంచి కాదు.

ఆ కుర్రాణ్ణి అడిగాను, గోడ ఆరకుండా కొత్తది పెడితే ఎన్నాళ్ళుంటుందని. కాసేపు ఆలోచించి "రెండు మూడేళ్ళు రావచ్చు మేడమ్, గోడ సంగతి నాకు చెప్పే హక్కు లేదు కదా, నన్ను పిలిచింది చెక్క పనికి" అన్నాడు. నిజం చెప్పాడు. ప్లంబర్‌ది పైపు వరకే, టైల్స్ వాళ్ళది టైల్ వరకే, పెస్ట్ కంట్రోల్‌ది మందు వరకే. గోడలోంచి నీళ్ళు నడిచే దారి మొత్తం చూసేవాళ్ళు ఎవరూ లేరు, ఆ పని ఇంటివాళ్ళే చేసుకోవాలి.

డబ్ల్యూపీసీ, అంటే చెక్క పొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే తలుపుల సంగతి కూడా అడుగుతారు. బాత్‌రూమ్‌కైతే వేసుకోండి, లేదా గ్రానైట్ ఫ్రేము పెట్టించుకోండి, రోజూ నీళ్ళు పడే చోట చెక్కని పెట్టి పరీక్ష పెట్టడం దేనికి. కానీ వార్డ్‌రోబ్ వెనక గోడ కారుతుంటే దాన్ని డబ్ల్యూపీసీతో కప్పేయడం మాత్రం నాకు నచ్చదు. చెక్కైతే కనీసం కుళ్ళి చెబుతుంది. ప్లాస్టిక్ చెప్పదు, దాని వెనక గోడలో ఇనుప కడ్డీ తుప్పు పడుతూనే ఉంటుంది.

కనిపించనిది కూలినప్పుడు

మన ఇళ్ళు కాంక్రీటువి కదా, వార్డ్‌రోబ్ కుళ్ళితే ఇల్లు కూలిపోదు కదా అంటారు. నిజమే. కానీ మన పిల్లలు, అన్నదమ్ములు సగం మంది ఉంటున్నది కాలిఫోర్నియాలో, అక్కడి అపార్ట్‌మెంట్లు చెక్కవి. 2015 జూన్‌లో బెర్క్లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ విరిగిపడింది, ఇరవై ఒకటో పుట్టినరోజు పార్టీకి వచ్చిన విద్యార్థులు ఆరుగురు చనిపోయారు. ఆ బిల్డింగ్ 2007లో పూర్తయింది, అంటే ఎనిమిదేళ్ళు. బాల్కనీ దూలాల్లోకి నీళ్ళు దిగి కుళ్ళిపోయాయి, పైనా కిందా నున్నగా మూసేసి ఉండటంతో ఎవరికీ కనిపించలేదు. ఆ తర్వాత 2018లో అక్కడ చట్టం తెచ్చారు, అపార్ట్‌మెంట్లలో చెక్క ఆధారం మీద నిలిచే బాల్కనీల్ని కొన్నేళ్ళకోసారి తనిఖీ చేయాలని. మావయ్య నిచ్చెన వేసుకుని చేయించిన పనికి అక్కడ ఆరు ప్రాణాలు పోయాక చట్టం వచ్చింది.

నీళ్ళు ఎవరివి

ఇప్పుడు ఓనర్ గారి మాటకి వస్తాను. మన ఫ్లాట్లలో బాత్‌రూమ్ స్లాబు అడుగు లోతు దించి కడతారు, అందులో పైపులు పరిచి, ఇటుక ముక్కలో మరొకటో నింపి, పైన టైల్స్ వేస్తారు. ఆ పైపు జాయింట్ ఒక్కటి వదులైతే ఆ నింపుడంతా నీళ్ళు తాగుతుంది, నెలల తరబడి తాగి, ఆ తర్వాత గోడల్లోకి, కింది ఫ్లాట్ సీలింగ్‌లోకి వదులుతుంది. చెల్లి వాళ్ళ గోడకి రెండు వైపుల నుంచీ వస్తోంది అనుకుంటున్నాను, వాళ్ళ షవర్ టైల్ సందుల్లోంచి కొంత, పై ఫ్లాట్ నుంచి కొంత, ఎందుకంటే బాత్‌రూమ్ సీలింగ్ మూలన కూడా పసుపు మరక ఉంది. పై ఫ్లాట్ ఆంటీని అడిగితే "మా ఇంట్లో ఎక్కడా తడి లేదమ్మా, కావాలంటే వచ్చి చూసుకో" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు. కారేవాళ్ళ ఇల్లు పొడిగానే ఉంటుంది, తడిసేది కిందివాళ్ళది. ఆవిడకి టైల్స్ పగలగొట్టించుకోవడం అంటే నెల రోజుల నరకం, లక్ష దాటే ఖర్చు, తనకి కనిపించని సమస్య కోసం.

అందుకే ఇది మంచితనం మీద వదిలేసే విషయం కాదంటాను. అసోసియేషన్ రూల్స్‌లో స్పష్టంగా ఉండాలి, సీలింగ్ మరకైనా గోడ చెమ్మైనా ఫిర్యాదు వస్తే పై ఫ్లాట్ బాత్‌రూమ్ పరీక్ష చేయించే అధికారం అసోసియేషన్‌కి ఉండాలి, ఖర్చు మొదట అసోసియేషన్ పెట్టుకుని, కారుతోందని తేలితే పైవాళ్ళ దగ్గర, తేలకపోతే ఫిర్యాదు చేసినవాళ్ళ దగ్గర వసూలు చేసుకోవాలి. కనీసం వాదించుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. అద్దెకున్నవాళ్ళకి ఈ గొడవలో ఏ పాత్రా లేదు. పైపు వాళ్ళది కాదు, గోడ వాళ్ళది కాదు, పైవాళ్ళని నిలదీసే హక్కు లేదు, అడ్వాన్స్ మాత్రం వాళ్ళది. చెమ్మ చూసి ఓనర్‌కి చెప్పడం వరకే అద్దెవాళ్ళ బాధ్యత, అది వాట్సాప్‌లో ఫోటోతో సహా చెప్పండి, తేదీ ఉంటుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు హాలు, వ్యూ, లిఫ్టు చూసి మురిసిపోకుండా బాత్‌రూమ్ గోడకి అవతల ఏముందో చూడండి. సొరుగు లాగి వెనక టార్చ్ వేయండి, స్కర్టింగ్ మీద పూడ్చిన బొక్కలున్నాయేమో చూడండి, వాసన పీల్చండి. అగ్రిమెంట్‌లో ఒక లైను రాయించుకోండి, నీటి లీకేజీ వల్ల పాడైన చెక్క పనికి అద్దెవాళ్ళు బాధ్యులు కారని. చాలామంది ఓనర్లు ఒప్పుకోరు, కొందరు ఒప్పుకుంటారు, అడగటంలో పోయేదేం లేదు. చీకిన చెక్క ఏ రకమో, ఎందుకు పోయిందో తెలుసుకోవాలనుంటే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఐడబ్ల్యూఎస్‌టీ ఉంది, కలప మీదే పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ, బెంగళూరులో ఉండి దాని పేరు కూడా వినని ఇంటీరియర్ డిజైనర్లని చూశాను నేను.

కొత్త ఫ్లాట్ కొంటున్నవాళ్ళైతే టైల్స్ వేయకముందే బాత్‌రూమ్ గుంటలో నీళ్ళు నింపి రెండు రోజులు ఉంచమని బిల్డర్‌ని అడగండి, కింది ఫ్లాట్‌లోకి వెళ్ళి సీలింగ్ మీరే చూసుకోండి, ఫోటోలు తీసుకోండి. మంచి బిల్డర్లు అడక్కుండానే చేస్తారు. "అదంతా మేం చూసుకుంటాం మేడమ్, మీకెందుకు" అని దాటేస్తే మాత్రం ఆ గోడకి వార్డ్‌రోబ్ కట్టించుకోకండి, ఎదురు గోడకి కట్టించుకుని ఈ గోడని ఖాళీగా, కంటికి కనిపించేలా వదిలేయండి.